ఎర్రదారం కట్టని దేవతలు

1811 అక్టోబరు 8, మంగళవారం

మా గడియారాల దుకాణానికి వెనిగర్ పోసే ఫిర్మేన్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. పీపా భుజం మీంచి దించి, చెమట తుడుచుకుని, ఈసారి సరుకు బాగా పుల్లగా కుదిరిందని చెప్పి, అదే గొంతుతో ఈ మాట కూడా చెప్పాడు. ఓర్లేయాన్‌లో అతనికి సొంత ఇల్లు, పెరడు, నది కనిపించే కిటికీ ఉన్నాయట. మంచివాడు. తాగడు. మా మగవాళ్ళలా ప్రతి సోమవారం పని ఎగ్గొట్టి సారాకొట్లో కూర్చునే రకం కాదు. డిసెంబరు ఒకటిన సెయింట్ ఎల్వా పండగనాడు జవాబు చెబుతానన్నాను. కమ్మరి మొదలు కంసాలి దాకా లోహం మీద బతికేవాళ్ళందరికీ ఆయనే కదా దిక్కు. ఫిర్మేన్ సరేనని ఖాళీ పీపా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఎవరితోనైనా చెప్పుకుందామంటే నా పక్కన కూర్చునేది పెరెత్ అత్త. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఇందులో రాసుకుంటున్నాను.

కాదనడానికి కారణమేమీ కనిపించడం లేదు. రెండుసార్లు ఆలోచించాను.

అక్టోబరు 10

కొత్త గడియారం మొదలైంది. మా యజమాని వెర్నో గారికి ఒక పద్ధతి ఉంది. గడియారం మొదలయ్యే రోజు మధ్యాహ్నం, మా చేతుల్లో సూప్ గిన్నెలు ఉండగానే, దాని మీద కూర్చోబోయే కంచు దేవుడి కథ చెబుతారు. కథ తెలియకపోతే ఏది మెరవాలో ఏది మెరవకూడదో మీకెలా తెలుస్తుందని ఆయన వాదన. బాగానే ఉంది గాని, ఆయన కథలన్నిట్లోనూ ఆఖరికి గెలిచేది వల్కనే. వల్కన్ దేవతల కమ్మరి, కుంటివాడు, పెళ్ళాం వీనస్ చేతిలో మోసపోయినవాడు. కొలిమి దగ్గర పనిచేశాడు గనక మావాడు. పోయిన ఏడాది ఆ వీనస్ యుద్ధదేవుడు మార్స్‌తో కులుకుతున్న గడియారం ఒకటి చేయాల్సి వస్తే, మావాళ్ళు మార్స్‌కి రవ్వంత మెల్లకన్ను పెట్టి పంపారు. కొన్నవాళ్ళు ఇంతవరకూ కనిపెట్టలేదు.

ఈవేళ్టి కథ మినర్వాది. చదువుకీ యుద్ధానికీ ఆవిడే దేవత. తండ్రి తల పగిలితే అందులోంచి పుట్టింది. ఆ తల పగలగొట్టిన గొడ్డలి ఎవరిదంటారు? వల్కన్‌ది. యజమాని లేచి నిలబడి గరిటెతో ఎలా కొట్టాడో చూపించారు. సూప్ నా గౌను మీద పడింది.

అక్టోబరు 21, సోమవారం

మగవాళ్ళెవరూ రాలేదు, గాతియెన్ తప్ప. వేసవి పోయినప్పటి నుంచీ ఈ మనిషి సోమవారాలు కూడా పనికి వస్తున్నాడు. స్నేహితులు లేరేమో పాపం.

గాతియెన్ నగిషీ పనివాడు. పోతలోంచి వచ్చిన కంచు ముఖం ఉడకబెట్టిన బంగాళాదుంపలా ఉంటుంది. దానికి కళ్ళూ పెదాలూ ఇచ్చేది అతని ఉలి. ఆ తర్వాత బంగారు పూత, ఆ తర్వాత మా ఆడవాళ్ళ వంతు. మెరుగురాయిని వెనిగర్ నీళ్ళలో ముంచి బొమ్మ ఒళ్ళంతా రుద్ది మెరిపిస్తాం, బట్టల్ని మాత్రం మెరుపు లేకుండా వదిలేస్తాం. మా ఇంటి పద్ధతి అది.

మినర్వా ఈవేళ నా చేతికొచ్చింది. చక్కటి పని, గాతియెన్‌ని వంక పెట్టడానికి లేదు. ఒక్కటే లోపం. గడ్డం మీద, కింది పెదవికి ఎడమపక్కగా, చిన్న సొట్ట. పోతలో బుడగ పేలితే పడే గుంట. రూలు ప్రకారం దానికి ఎర్రదారం కట్టి నగిషీ బల్లకి వెనక్కి పంపాలి. అలా వచ్చిన దారాన్ని శనివారం దాకా ఆ పనివాడి బల్ల మీది మేకుకి తగిలిస్తారు, వచ్చేపోయే ప్రతివాడూ ఓ మాట విసిరి పోతాడు. గాతియెన్ మేకుకి ఇంతవరకూ ఒక్క దారం వేలాడలేదు. ఎందుకొచ్చిన గోల అని నేనే రాయితో రుద్ది రుద్ది ఆ గుంట పూడ్చేశాను. పొద్దుటి నుంచి సూప్ వేళ దాకా పట్టింది. నేను పూడ్చినట్టు ఎవరికీ తెలియదు.

సాయంత్రం గాతియెన్ వచ్చి మినర్వాని చేతిలోకి తీసుకుని చూశాడు. గడ్డం దగ్గర వేలితో తడిమాడు. నా వైపు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మెచ్చుకోడానికి కూడా నోరు రాదు ఈ మనిషికి.

అక్టోబరు 23

వీధి వీధంతా తోకచుక్కని చూడ్డానికి బయటికొస్తోంది. తోకచుక్క కనబడ్డ ఏడు ద్రాక్ష బాగా పండుతుందనీ, ముదురు వితంతువులకి మొగుళ్ళు దొరుకుతారనీ పెరెత్ అత్త అంది. నేను ముదురు కాదు, ముప్పై రెండే అన్నాను. తన సంగతి చెబుతున్నానంది. ఆవిడకి అరవై దాటాయి.

అక్టోబరు 29

డయానా వచ్చింది. వేట దేవత, నుదుటి మీద నెలవంక, కాళ్ళ దగ్గర కుక్క. కుక్క బ్రహ్మాండంగా ఉంది. డయానా గడ్డం మీద మళ్ళీ సొట్ట, సరిగ్గా అదే చోట.

అచ్చు పాడైందేమో అనుకున్నాను. కాని మినర్వా అచ్చు వేరు, డయానా అచ్చు వేరు. అంటే పోత లోపం వచ్చినా గాతియెన్ చూసుకోవడం లేదన్నమాట. మళ్ళీ దారం కట్టలేదు. మళ్ళీ పూడ్చాను. బొటనవేలు బొబ్బలెక్కింది.

నిన్న నా బల్ల మీద వేయించిన చెస్ట్‌నట్ కాయలు వేడివేడిగా కాగితంలో చుట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో చెప్పలేదు. పెరెత్ అత్తకి సగం ఇచ్చాను. ఫిర్మేన్ పెట్టి ఉంటాడనుకున్నాను గాని, నిన్న అతను ఓర్లేయాన్‌లో ఉన్నాడు.

నవంబరు 2

మా ఆయన సమాధి దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తి వెలిగించాను. బంగారు పూత పెట్టేవాడు. బంగారాన్ని పాదరసంలో కలిపి, పూసి, నిప్పు మీద కాలుస్తారు. పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. మనిషి కూడా ఆ పొగతోనే పోతాడు. చివర్లో గిన్నె పట్టుకోలేనంతగా చేతులు వణికేవి. నన్ను నవ్వించాలని సూప్ ఒలకబోసుకుంటూ ఎంత బాగా వణుకుతున్నానో చూడు అనేవాడు. ఎంత నవ్వానో అంత ఏడ్చాను.

ఓర్లేయాన్‌లో పొగ ఉండదు. ఫిర్మేన్ చేతులు వణకవు. ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నవంబరు 4, సోమవారం

వీనస్. సొట్ట. అదే చోట.

నాకు ఒళ్ళు మండింది. అందాల దేవతకి కూడానా? ఆ అందమంతా తీసుకొచ్చి గడ్డం దగ్గర గుంటలో పారేశాడు. రోజంతా పడితే గాని పూడలేదు. సాయంత్రం అతను వచ్చి చూసి, ముఖం మాడ్చుకుని, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. కష్టపడ్డది నేను, అలిగింది అతను. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుంది.

నవంబరు 11

ఇక లాభం లేదని యజమానితో చెప్పాను. పేరు చెడగొట్టాలని కాదు, చూపు మందగిస్తోందేమో కాస్త కనుక్కోమని చెప్పాను. ప్రతి దేవత గడ్డం మీదా ఇక్కడ, సరిగ్గా ఇక్కడ గుంట వస్తోందని నా గడ్డం మీదే వేలు పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు నా గడ్డం వైపే చూశారు. సూపేమైనా అంటిందేమోనని తుడుచుకున్నాను.

"అమ్మాయ్, నీ గదిలో అద్దం ఉందా?" అన్నారు.

ఈస్టర్‌కి గది మారినప్పుడు పగిలిపోయింది, మళ్ళీ కొనలేదు, రోజంతా బంగారంలోనే ముఖం చూసుకుంటుంటే అద్దం ఎందుకని చెప్పాను. నిజమే కదా. వీనస్ పొట్టలో చూస్తే నా ముక్కు పుచ్చకాయంత కనిపిస్తుంది, మిగతాది కనిపించదు, కనిపించకపోయినా నష్టం లేదు. ఆయనకి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే, ఇది చాలా తీవ్రమైన లోపమని, దీన్ని ఆ పనివాడితో ముఖాముఖి నువ్వే తేల్చుకోవాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. లోపల కూడా చాలాసేపు దగ్గారు.

నేనెందుకు తేల్చుకోవాలి? యజమాని ఎవరు, ఆయనా నేనా?

నవంబరు 13

పెనెలోపి కథ చెప్పారు. మొగుడు ఓడెక్కి యుద్ధానికి వెళ్ళి ఏళ్ళ తరబడి రాలేదు. ఇంటి నిండా పెళ్ళికొడుకులు చేరి నన్ను చేసుకో అంటే నన్ను చేసుకో అని ప్రాణం తీస్తున్నారు. ఈ బట్ట నేయడం పూర్తయ్యాక చెబుతానంది. పగలు నేసింది, చీకటి పడ్డాక నేసిందంతా విప్పేసింది. బోర్డో ఓడల వర్తకుడొకడు తన భార్యకి పంపించడానికి ఈ గడియారం చేయిస్తున్నాడు. ఎప్పుడూ సముద్రం మీదే ఉంటాడట. పెద్ద పని, సెయింట్ ఎల్వా పండగ కాగానే బండెక్కాలి.

మగ్గం చేసిచ్చింది వల్కన్ అని యజమాని చెప్పారు. ఇది నేను నమ్మను.

గాతియెన్ సూప్ తాగడానికి రాలేదు.

నవంబరు 18, సోమవారం

గాతియెన్ ఈ సోమవారం పనికి రాలేదు. మిగతావాళ్ళతో కలిసి సారాకొట్టుకి వెళ్ళాడట. మంచిదే. మనిషన్నాక స్నేహితులుండాలి. దుకాణం ప్రశాంతంగా ఉంది. పెరెత్ అత్త గురక తప్ప ఇంకో చప్పుడు లేదు.

మరీ ప్రశాంతంగా ఉంది.

నవంబరు 21

గాతియెన్ వెళ్ళిపోతున్నాడు. పండగ అయిన మర్నాడే లియోన్‌లో ఎవరి దగ్గరో చేరతాడట. పెరెత్ అత్త చెప్పింది. ఎందుకట అని అడిగితే, ఇక్కడ తన పని నచ్చనివాళ్ళు ఉన్నారట, చెప్పాల్సిన మాట చెప్పి చెప్పి అలిసిపోయాడట. ఎవరా నచ్చనివాళ్ళు అన్నాను. ఆవిడ నన్ను పై నుంచి కింది దాకా చూసి, "కళ్ళున్నది దేనికే పిల్లా, వెనిగర్ పడి ఏడవడానికా?" అంది.

యజమాని నా ఫిర్యాదు అతని చెవిన వేసి ఉంటారు. నా వల్లే. గాతియెన్ కోసమే కదా ఇన్నాళ్ళూ దారం కట్టకుండా పూడ్చింది. చివరికి నేనే అతని కూడు తీశాను.

ఫిర్మేన్‌కి ఊ అనేస్తే సరి. ఇక్కడ ఇంక చూసేదేముంది?

నవంబరు 26

పెనెలోపి వచ్చింది. కూర్చుని, చెయ్యి చెంపకి ఆనించుకుని, మగ్గం వైపు చూడకుండా తలుపు వైపు చూస్తోంది. గాతియెన్ ఇంత మంచి ముఖం ఎప్పుడూ చెక్కలేదు.

గడ్డం నున్నగా ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నున్నగానే ఉంది.

నవంబరు 27

గడ్డం నున్నగా ఉంది. సంతోషించాలి. ఏ లోపమూ లేదు, నాకు పని సగం తగ్గింది. పొద్దుటి నుంచి ఆ గడ్డం మీద గుంట కోసం వెతుకుతూనే ఉన్నాను. పెరెత్ అత్తతో రెండుసార్లు గొడవపడ్డాను. సూప్‌లో ఉప్పు లేదు.

నవంబరు 29, శుక్రవారం

ఫిర్మేన్ వచ్చాడు. జవాబు ఎల్లుండే కదా, ముందుగా ఒక చిన్న కానుక అని గుడ్డలో చుట్టినది చేతిలో పెట్టాడు. అద్దం. చెక్క చట్రం, మంచి గాజు. మీకు అద్దం లేదని యజమాని గారు చెప్పారన్నాడు. ఎందుకు చెప్పారో ఈయన అనుకుని, థాంక్స్ చెప్పి, ముఖం చూసుకున్నాను.

నా గడ్డం మీద, కింది పెదవికి ఎడమపక్కగా, సొట్ట ఉంది.

చిన్నప్పుడు రాతి గడప మీద పడితే గడ్డం చీలింది. అమ్మ సాలెగూడు అద్ది కట్టు కట్టింది. ఎప్పుడో మానిపోయిందని దాని సంగతే మరిచిపోయాను. మానిపోయింది గాని పోలేదు. అచ్చం మినర్వా గుంటంత, డయానా గుంటంత, వీనస్ గుంటంత.

ఫిర్మేన్ ఏదో అడుగుతున్నాడు. అద్దం నచ్చిందా అని. చాలా బాగుందని చెప్పాను. అంతకంటే నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

ముగ్గురు దేవతల ముఖాలకి నన్ను తెచ్చి పెట్టాడు ఆ మనిషి. నేను ముగ్గురినీ రాయి పెట్టి రుద్ది తుడిచేశాను. రాత్రి తిండి సయించలేదు. ఆకలి లేక కాదు, నవ్వు ఆగక. తర్వాత ఏడ్చాను కూడా. లియోన్ ఎంత దూరమో తెలిసినవాళ్ళెవరూ నాకు లేరు.

నవంబరు 30, శనివారం

పొద్దున్నే ఎర్రదారం తీసుకుని పెనెలోపి మెడకి కట్టాను. అది ఒళ్ళో పెట్టుకునే బొమ్మ కాదు, మంచి బరువు. ఎవరినీ సాయం అడగకుండా ఎత్తుకెళ్ళి గాతియెన్ బల్ల మీద పెట్టాను. సుత్తులన్నీ ఆగిపోయాయి. అతను ఉలులు గుడ్డలో చుట్టి మూట కడుతున్నాడు. దారం చూసి ముఖం తెల్లబోయింది.

"పోయే ముందు ఇది కూడానా?" అన్నాడు. "ఏంటి లోపం?"

"గడ్డం మీద సొట్ట లేదు."

యజమాని కొలిమి గది తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. గాతియెన్ నా గడ్డం వైపు చూశాడు, పెనెలోపి గడ్డం వైపు చూశాడు.

"చెరిపింది మీరేగా," అన్నాడు.

"పోత లోపం అనుకున్నాను."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

"మరి దారం కట్టి పంపొచ్చుగా. మొదటిరోజే తేలిపోయేది."

"మీ మేకుకి దారం వేలాడ్డం నాకిష్టం లేదు," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు కూడా తెలిసింది, ఎందుకిష్టం లేదో.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. తను చెక్కిన ప్రతిసారీ నేను వద్దని జవాబు చెబుతున్నాననుకున్నాడట. మినర్వాతో అడిగితే వద్దన్నానట, డయానాతో అడిగితే వద్దన్నానట, వీనస్‌తో కూడా వద్దన్నాక ఇంక ఏ దేవతని పంపాలో తెలియలేదట. నోటితో అడగొచ్చు కదా అన్నాను. తనకి నోటితో రాదన్నాడు, ఉలితోనే వస్తుందన్నాడు. చెస్ట్‌నట్ కాయలు కూడా తనవేనట. సగం పెరెత్ అత్త తిందని నేను చెప్పలేదు.

"పెనెలోపి తను నేసింది తనే విప్పుకుంది," అన్నాడు నవ్వు మొదలవుతుంటే. "మీరు నేను చెక్కింది విప్పేశారు. ఆవిడ కంటే మీరే గట్టివాళ్ళు."

మూట విప్పి, గుండ్రటి మొన ఉన్న సన్నటి ఉలి తీశాడు. పూత పెట్టిన బంగారం మీద కొట్టాలి, చెయ్యి జారితే ఇన్నాళ్ళ పని బూడిదపాలు. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి కొలత చూసుకున్నాడు. అందరూ చూస్తుండగానే. సుత్తితో ఒక్క దెబ్బ, కోడిపిల్ల గింజ పొడిచినట్టు. బంగారం చెదరలేదు. పెనెలోపి నేనైంది.

యజమానిని అడిగాను, మీకు మొదటి నుంచీ తెలిసి ఎందుకు చెప్పలేదని. వల్కన్‌కి ఎవరైనా సాయం చేశారా అన్నారు. ఇంతలో పెరెత్ అత్త ఈ ఎర్రదారాన్ని ఎవరి మేకుకి తగిలించాలని లేచింది. వాదన జరిగింది. చివరికి నా బల్లకి కొత్త మేకు కొట్టి తగిలించారు. తప్పు నాదేనట. ఒప్పుకున్నాను.

డిసెంబరు 1, ఆదివారం

సెయింట్ ఎల్వా పండగ. ప్రార్థన, ఊరేగింపు, వేయించిన బాతు, ఫిడేలు. ఫిర్మేన్ మంచి కోటు వేసుకుని వచ్చాడు. పక్కకి పిలిచి చెప్పాను. నాకు నోటితోనే వస్తుంది గనక నోటితోనే చెప్పాను, క్షమించమని కూడా చెప్పాను. వెనిగర్ వాసన వల్లనా అని అడిగాడు. కాదు, మీరిచ్చిన అద్దం వల్ల అన్నాను. అర్థం కాలేదు గాని మంచివాడు కాబట్టి తల ఊపాడు. అద్దం తిరిగిస్తే పుచ్చుకోలేదు. నాకిస్తే అద్దాన్నీ కాదనను, ఆయన్నీ కాదననంది పెరెత్ అత్త. ఫిర్మేన్ నవ్వాడు. నా మనసు తేలికపడింది. వాళ్ళిద్దరూ రెండు పాటలకి నాట్యం చేశారు, ఆవిడ ఒక్కసారి కూడా కూర్చోలేదు.

గాతియెన్‌కి నాట్యం రాదు. నా కాలు తొక్కాడు. లియోన్ మాట ఎత్తలేదు.

డిసెంబరు 3

పెనెలోపి గడ్డిలో చుట్టుకుని బండెక్కి బోర్డో వెళ్ళిపోయింది. అక్కడెవరో తెలియని ఓడవర్తకుడి భార్య ఇక గంట కొట్టినప్పుడల్లా నా గడ్డం వైపు చూస్తుంది. ఆమె మొగుడు త్వరగా ఇంటికి రావాలని కోరుకున్నాను.

ఫిర్మేన్ కొత్త పీపా పంపాడు. ఈసారి సరుకు కళ్ళు తిరిగేంత పుల్లగా ఉంది. ఆమాత్రం హక్కు ఉంది అతనికి.

డిసెంబరు 16, సోమవారం

మగవాళ్ళెవరూ రాలేదు, గాతియెన్ తప్ప.

ఇంకో డయానా వచ్చింది. గడ్డం మీద సొట్ట. చుట్టూ అంతా మెరుగు పెట్టి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.